కత్తెర పెట్టి కోసిన బిళ్ళలు

మా షాపులో గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ ఒక కత్తెర ఉంటుంది. షీటులోంచి రెండు బిళ్ళలు అడిగినవాళ్ళకి రెండే కోసి ఇవ్వడానికి. మిరప కోతల రోజుల్లో దానికి తీరిక ఉండదు. సాయంత్రం ఆటోలు దిగిన కూలీలు నడుం మీద చెయ్యేసుకుని నొప్పి బిళ్ళలకి వస్తారు. డాక్టరు చీటీ లేకుండా ఆ నొప్పి బిళ్ళలు ఇవ్వకూడదన్నది రూలు. సత్తెనపల్లి దగ్గర ఇరవై రెండేళ్ళుగా మందులమ్ముతున్నాను. ఆ రూలు పాటించిన రోజులు లెక్కపెట్టడానికి నాకు ఒక చేతి వేళ్ళు చాలు.

వాళ్ళకిచ్చిన బిళ్ళే నేనూ వేసుకునేవాణ్ణి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా నిలువుకాళ్ళ ఉద్యోగం. మొదట వారానికొక ఎసిక్లోఫెనాక్, తర్వాత రోజుకొకటి, ఆఖరి ఏడాదిన్నర పూటకొకటి. బీపీకి టెల్మిసార్టాన్ ఎలాగూ ఉంది, అదే బిళ్ళలో ఒంట్లో నీరు తీసే మందూ కలిసి ఉంది. పైగా షాపులో బాత్రూమ్ లేదు. బస్టాండు దాకా పోయొచ్చేలోగా బేరం పక్క షాపుకు పోతుంది. అందుకని నీళ్ళు తాగడమే తగ్గించేశాను, రోహిణి కార్తె ఎండల్లో కూడా. అది నా తెలివి.

యాభై ఒకటో ఏట రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ 0.9. మూడేళ్ళకి 1.3. ల్యాబువాళ్ళ కాగితంలో 1.3 దాకా నార్మలే, పక్కన చుక్క గుర్తు లేదు. మడిచి సొరుగులో పడేశాను. పనికిరాని లెక్క చూసి ధైర్యపడ్డానని తర్వాత తెలిసింది. కిడ్నీల పనితనం తగ్గినంత వేగంగా ఆ అంకె పెరగదు. 0.9 నుంచి 1.3కి రావడమంటే అప్పటికే మూడోవంతు పైగా పోయిందని అర్థం. నాలాంటి బక్కపలచని మనిషిలో ఇంకాస్త ఎక్కువే పోయి ఉండొచ్చు, ఎందుకంటే క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. కిడ్నీ జబ్బంటే నాకు ఉద్దానమే గుర్తొచ్చేది. కవిటి, సోంపేట ఊళ్ళ వార్తలు పేపర్లో చదివి, పాపం అనుకుని పేజీ తిప్పేవాణ్ణి. అక్కడి జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నా దానికి కారణం నా జేబులోనే ఉంది.

ఆ ఏడాది వేసవిలో రెండ్రోజులు విరేచనాలయ్యాయి. ఒళ్ళు నొప్పులకి మామూలుగానే బిళ్ళలు మింగాను. మూడోరోజు కాళ్ళు ఉబ్బాయి. క్రియాటినిన్ 2.1.

"ఏం చేస్తుంటారు?" అని అడిగారు కిడ్నీ డాక్టరుగారు, రాస్తూ రాస్తూ.

"మెడికల్ షాపండి."

ఆయన పెన్ను ఆగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చీటీ వెనక్కి తిప్పి ఒక కిడ్నీ బొమ్మ గీశారు. డి.ఫార్మసీలో నేనూ గీసి మార్కులు తెచ్చుకున్న బొమ్మే.

ఇంటికొచ్చాక ఆ ఆదివారం మటన్ కొట్లో ఒక పొట్టేలు కిడ్నీ తీసుకుని నిలువునా కోశాను. మా ఆవిడ "ఏమండీ, ఇప్పుడు ఇదేం చదువు?" అంది. పైన ముదురు గోధుమరంగు పట్టీ, లోపల గీతలు గీతలుగా పాలిపోయిన భాగం, మధ్యలో తెల్లటి గిన్నెలాంటి ఖాళీ. మనిషి కిడ్నీ కూడా పిడికిలంతే ఉంటుంది, బరువు సుమారు నూటయాభై గ్రాములు. ఆ పై పట్టీలో, కంటికి ఆనని రక్తనాళాల ఉండలు ఒక్కో కిడ్నీకి సుమారు పది లక్షలు. పుస్తకాల్లో రక్తకేశనాళికా గుచ్ఛం అని రాస్తారు, పలకబోతే నోరు తిరగదు. వడపోతంతా అక్కడే. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్లు వడకడతాయి. మన ఇళ్ళకొచ్చే ఇరవై లీటర్ల వాటర్ టిన్నులు తొమ్మిది. అందులో బయటికి పోయేది లీటరున్నర. మిగతాదంతా సన్నగొట్టాలు మళ్ళీ రక్తంలోకి తోడిపోస్తాయి, ఉప్పూ చక్కెరా దేనికది లెక్కచూసి మరీ.

నీళ్ళు వడకట్టాలంటే ఒత్తిడి ఉండాలి. సాగర్ కాలువ కింద పుట్టినవాణ్ణి, తూముల లెక్క నాకు తెలుసు. ఒక్కో ఉండకీ రక్తం వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వచ్చే తూమును తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి బిళ్ళ వాటినే ఆపుతుంది, అలా ఆపడం వల్లే నొప్పి తగ్గుతుంది. అంటే వచ్చే తూము షట్టరు దింపేశాను. టెల్మిసార్టాన్ పోయే తూమును వెడల్పు చేస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే. నీరు తీసే మందూ, విరేచనాలూ కలిసి అసలు కాలువలోనే నీళ్ళు లేకుండా చేశాయి. ఈ మూడు మందులున్న రెండు బిళ్ళలూ మా షాపు అరల్లో రెండు చోట్ల ఉంటాయి. కలిపి చూడాలని నాకు తట్టలేదు.

అంతకు ముందు ఆరునెలలుగా నీరసమని ఐరన్ టానిక్ తాగాను. అదీ నా సొంత వైద్యమే. రక్తకణాలు పుట్టించమని ఎముకల మూలుగకు కబురు పంపే హార్మోను కిడ్నీలోనే తయారవుతుంది. కబురు పంపేవాడే మంచాన పడితే ఇనుము ఎంత పోసి ఏం లాభం?

బిళ్ళలు మానేశాక మూడు నెలలకి 1.6కి దిగింది. అక్కడే ఆగింది. చచ్చిన వడపోత ఉండలు మళ్ళీ మొలవవు. మధ్యాహ్నం గంటసేపు కూర్చోడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాను. కౌంటర్ మీద నీళ్ళ సీసా పెట్టుకున్నాను.

మొన్న ఒక పెద్దామె వచ్చింది. పదేళ్ళుగా నా దగ్గరే కొంటోంది. బీపీ బిళ్ళలూ నా దగ్గరే.

"బాబూ, ఆ నొప్పి బిళ్ళలు నాలుగు కొయ్యి."

"వద్దు పెద్దమ్మా, ముందు రక్తపరీక్ష చేయించుకో. నొప్పికి పారాసిటమాల్ ఇస్తా."

"ఇన్నాళ్ళూ నువ్వే ఇచ్చావుగా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆమె చిల్లర కొంగున ముడేసుకుని, రోడ్డు దాటి ఎదురు షాపు మెట్లెక్కింది.