ఫోటోలో కనిపించని కాలు

కర్నూలు జిల్లాలో అమ్మ పుట్టిన ఊరి దిగుడుబావి నీళ్ళు ఇప్పుడెవరూ వాడరు. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు ఊరికే చూద్దామని గాజు గ్లాసుతో ఇన్ని నీళ్ళు ముంచుకొచ్చాను. వెలుతురుకి పెడితే తెల్లటి నలకలు. నలకలైతే మునగాలి, లేదా తేలాలి. ఇవి గెంతుతున్నాయి! ఫోనుకి చిన్న లెన్సు తగిలించి ముప్ఫై ఫోటోలు తీస్తే రెండు కుదిరాయి. జువాలజీ చెప్పే స్నేహితురాలికి పంపాను.

"సైక్లాప్స్. ఆడది" అని జవాబు.

ఆవగింజంత కూడా లేనిదాన్ని అంత తొందరగా ఎలా తేల్చేశావే అంటే, ఫోటోని చదవడం నేర్పింది. తల మధ్య ఒకే కన్ను. వెనక్కి సన్నబడి చీలిన తోక. దాని మొదట్లో చెరోవైపు ఒక గుడ్ల సంచి. డాఫ్నియా అయితే గుడ్లు వీపు డిప్ప లోపలే కనబడతాయి. సంచులు లేకపోతే మీసాలు చూడాలి, మగవాటికి ఆడదాన్ని పట్టుకోవడానికి అవి వంగి ఉంటాయి. గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరు పెట్టారు దీనికి. గుడ్లు మోస్తున్నదాన్ని చూసి కూడా మగ రాక్షసుడే గుర్తొచ్చాడన్నమాట.

"మరి ఏ జాతి?"

"ఫోటోతో తేలదు. అయిదో జత కాళ్ళు మైక్రోస్కోపులో చూడాలి."

అమ్మకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాగింది. చీలమండ పక్కన మచ్చ. ఎప్పుడో కాలిందనుకున్నాను ఇన్నేళ్ళూ. అది నారికురుపు.

నారి అంటే ఇక్కడ మనం కాదు, చూడ్డానికి ఆ పురుగు వింటినారిలా ఉంటుంది. అయితే కాలు చీల్చుకుని బయటికొచ్చేది మాత్రం ఆడపురుగే. దాని పిల్లల్ని మింగిన సైక్లాప్స్‌ని మనం నీళ్ళతోబాటు తాగితే, ఏడాది తర్వాత మూరెడు, ఒక్కోసారి రెండు మూరల పురుగు. పుల్లకి చుట్టి రోజుకి కొంచెం లాగాలి. తెగితే పుండు. అమ్మకప్పుడు పన్నెండేళ్ళు. మూడు నెలలు మంచంలో ఉంది. మళ్ళీ బడికి పంపలేదు.

"మంటకు తాళలేక నీళ్ళకు పోయినప్పుడల్లా కాలు బావిలోనే దించుతాంటి. మర్సటేడు తమ్మునికి వచ్చె. ఆరోగ్యం వాళ్ళొచ్చి నీళ్ళల్లో కాళ్ళు పెట్టొద్దని, గుడ్డతో వడకట్టుకోమని చెప్పినంక తెలిసె, నావల్లేనని."

కథల్లో నీళ్ళు మోసే స్త్రీల మీద నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయముంది. కడవ బరువు గురించి రాశాను, నీళ్ళలో ఏముందో రాయలేదు. కాలు నీళ్ళలో పడగానే పురుగు వేలకొద్దీ పిల్లల్ని వదులుతుందన్నది నిజం. నీవల్ల కాదమ్మా అని ఎలా అనను? కాలు తడవకుండా కడవ నిండని బావి కట్టిందెవరు, కురుపు కాలితో ఆ పిల్లనే ఎందుకు పంపారు అన్నాను. ఆమె వినలేదు.

అందుకని తెలిసింది చెప్పాను. మన దేశంలో చివరి రోగి 1996లో కనిపించారు, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నారికురుపు పోయిందని ధృవీకరించింది. జబ్బు మనిషి లేకపోతే సైక్లాప్స్ ఉత్త సైక్లాప్సే.

"అయితే దీని తప్పేం లేదు" అంది, ఫోటో వైపు చూస్తూ.

గ్లాసులో నీళ్ళు ఎక్కడ పొయ్యమంటావని అడిగాను.

"బావిలోనే పొయ్యి. పైనుంచే పొయ్యి, మెట్లు దిగొద్దు."