ఐ7 కదా, ఇంకేం చూడాలి?

మా మామయ్యకి తెనాలిలో ఆడిటర్ ఆఫీసు ఉంది. ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గోడ నిండా ఫైళ్ళు. 2025 వేసవి సెలవుల్లో వెళ్తే, "అల్లుడూ, అక్టోబర్‌తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోతాయట. ఈ పాతవన్నీ మార్చాలి. నువ్వు చదివేది కంప్యూటర్సే కదా, నువ్వే చూడు" అన్నాడు. నా మాట మీద ఒకరు డబ్బు పెట్టడం అదే మొదటిసారి.

షాపులో నేను అడిగింది ఒక్కటే: "ఐ7 ఉందా?" ఉంది. రీఫర్బిష్డ్ ఐ7-7700, కొత్త ఐ3 కన్నా తక్కువకే. ఆరూ తీసుకున్నాం.

ఆఫీసులో పదిహేనేళ్ళుగా ఎంట్రీలు కొట్టే అక్క ఒకావిడ ఉంది. "ఇవి ఎన్నేళ్ళొస్తాయి బాబూ?" అని అడిగింది. "ఐ7 అక్కా!" అన్నాను. ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదని అప్పుడు తట్టలేదు.

వారం తర్వాత విండోస్ 11 వెయ్యబోతే, ఈ ప్రాసెసర్‌కి సపోర్ట్ లేదని వచ్చింది. గీత తర్వాత ఉన్న ఆ 7 అంటే ఏడో తరం, 2017 నాటి సరుకు. ఇంటెల్‌లో, ఏవో కొన్ని మినహా, ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 ఒప్పుకుంటుంది. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పరీక్షలో ఐదు దశల పైప్‌లైన్ బొమ్మ గీసి మార్కులు కొట్టినవాణ్ణి, ఆ ఒక్క అంకె చదవలేదు. 2022లో వచ్చిన ఐ3-12100లో కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అచ్చం ఐ7-7700లో ఉన్నట్టే. పైగా ఒక్కో కోరూ బాగా వేగం.

మామయ్య ఏమీ అనలేదు. తిడితే బాగుండేది. షాపాయన కొంత కోసుకుని వెనక్కి తీసుకున్నాడు. ఆ కోత ఎంతో మామయ్య నాకు ఇప్పటికీ చెప్పలేదు.

రెండోసారి షాపుకి వెళ్ళే ముందు సగం రోజు అక్క పక్కన కూర్చున్నాను. టాలీ ఎంట్రీలకి ప్రాసెసర్ పెద్దగా పట్టడం లేదు. బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్, ఇన్‌కంటాక్స్ పోర్టల్, పక్కన రెండు పెద్ద ఎక్సెల్ ఫైళ్ళు తెరిచేసరికి ర్యామ్ నిండిపోతోంది. ఇక ఆ పాత హార్డ్ డిస్క్ సంగతి చెప్పక్కర్లేదు. "పొద్దున ఆన్ చేసి, టీ తాగొచ్చి కూర్చుంటా" అంది.

అలా ఐ3-12100, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఆఫీసుకే వచ్చి బాగుచేసే మూడేళ్ళ వారంటీ అని రాసిచ్చాను. పెద్ద కంపెనీలైతే వీప్రో ఉన్న ప్రాసెసర్లు అడుగుతాయి. విండోస్ లేవకపోయినా ఐటీ వాళ్ళు దూరం నుంచే మెషిన్‌ని చూడొచ్చు. ఒకే గదిలో ఆరు సిస్టమ్స్ ఉన్న మాకు అదెందుకు?

కొటేషన్ వచ్చింది. అందులో 12100ఎఫ్ అని ఉంది, ధర కాస్త తక్కువ. మామయ్య మొహం వెలిగింది. నేను మాత్రం ఈసారి చివరి అక్షరం దాకా చదివాను. ఎఫ్ అంటే చిప్‌లో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు కొనకపోతే మానిటర్ మీద ఏమీ రాదు. ఆ ఎఫ్ కొట్టేయించి, అప్పుడు ఆర్డర్ పెట్టించాను.

మొన్న అక్క ఫోన్ చేసి నన్నే తిట్టింది. సిస్టమ్ వెంటనే లేచి కూర్చుంటోందట, టీకి వెళ్ళే టైమే లేదట.