మెమరీ చాలని యంత్రం

యూసుఫ్‌గూడలో గది అద్దెకు అడిగితే, ఎందరుంటారన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది. కృష్ణానగర్ ప్రక్కనే కావడంతో సినిమా అవకాశాలకై వచ్చిన కుర్రవాళ్ళు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. కంప్యూటరులోని ర్యామ్ కూడా అటువంటి గదే. చోటు చాలనప్పుడు విండోస్ అప్పటికి అవసరం లేని పేజీలను హార్డ్‌డిస్కు మీది పేజీ ఫైలుకు పంపి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. ర్యామ్‌ను అందుకోవడం నానోసెకన్ల పని. తిరిగే డిస్కును అందుకోవడం మిల్లీసెకన్ల పని. యంత్రం మొద్దుబారినట్లు తోచేది అందుకే.

2007లో మా పై వాటాలో ఎడిటింగు సహాయకుడొకడు ఉండేవాడు. అతనిది విండోస్ ఎక్స్‌పీ, 512 ఎంబీ ర్యామ్. తాను కూర్చిన మూడు నిమిషాల దృశ్యాన్ని మరునాటి ఉదయం ఒక నిర్మాణ కార్యాలయంలో చూపవలసి ఉంది. రెండరింగు సగానికి రాగానే వర్చువల్ మెమరీ తక్కువైందన్న హెచ్చరిక వచ్చేది, ఆ వెంటనే ప్రోగ్రాము మూతపడేది. సాయంత్రం క్రిందికి వచ్చి, "అన్నా, అద్దె డబ్బులు పెట్టి ఇంకో 512 కొనేస్తే పనవుతుందా?" అని అడిగాడు.

లెక్క వేశాను. 720×576 చుక్కల ఫ్రేము, చుక్కకు 4 బైట్ల చొప్పున, సుమారు 16.6 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేములంటే దాదాపు 41 ఎంబీ. 512 ఎంబీ యావత్తూ ఖాళీగా ఉన్నా విప్పిన దృశ్యం 13 సెకన్లకు మించి పట్టదు. కనుక ఎడిటింగు ప్రోగ్రాము ఎటూ కొన్ని ఫ్రేములనే పట్టుకుని, పని కాగానే వదిలి ముందుకు సాగుతుంది. మరి చోటంతా ఎవరు ఆక్రమించినట్లు?

టాస్క్ మేనేజరు తెరిచి, వర్చువల్ మెమరీ సైజు వరుసను చేర్చి చూశాము. వీడియోలు చూపే చిన్న ప్రోగ్రామొకటి, ఏ పనీ లేకుండానే నిమిషనిమిషానికీ ఉబ్బుతోంది. తీసుకున్న చోటును తిరిగి ఇవ్వడం లేదు. దీనినే మెమరీ లీక్ అంటారు. పైగా సీ డ్రైవు పాత రెండర్లతో నిండిపోయి, పేజీ ఫైలు పెరిగే వీలే లేదు. ఆ ప్రోగ్రామును మూసి, యంత్రంతో పాటు మొదలవకుండా ఆపి, పాత ఫైళ్ళను వేరే డ్రైవుకు తరలించి, రీస్టార్టు చేశాము. దృశ్యాన్ని ఆరు ముక్కలుగా రెండర్ చేసి అతికేసరికి తెల్లవారుజామున నాలుగయింది. అద్దె డబ్బులు అతని జేబులోనే ఉన్నాయి.

అన్నీ మూసినా ఒక్క పనికే చోటు చాలకపోతే ర్యామ్ కొనవలసిందే. అయితే 32 బిట్ల విండోస్‌లో ఒక ప్రోగ్రాముకు మామూలుగా దక్కేది 2 జీబీ చిరునామాలే; ఎంత ర్యామ్ పెంచినా ఆ హద్దు జరగదు. నేటి 64 బిట్ల యంత్రాలలో ఆ ఇబ్బంది తీరినా, 8 జీబీని బ్రౌజరు ట్యాబులే నింపేస్తున్నాయి. ఏ ప్రోగ్రాము ఉబ్బుతోంది, డిస్కులో చోటుందా, పనిని ముక్కలు చేయవచ్చునా అన్న మూడూ చూసిన తరువాతే కొట్టుకు బయలుదేరండి. నెలాఖరులో ఆ వరుస ఎంత అవసరమో యూసుఫ్‌గూడ గదులలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.