హ్యాపీయేనా?

మా అమ్మకు తాతయ్య రాసిన కార్డులు ట్రంకుపెట్టె అడుగున ఇప్పటికీ ఉన్నాయి. ప్రతిదీ ‘ఉభయకుశలోపరి’తోనే మొదలు. ఆ తర్వాత వానలు, గేదె ఈనిన కబురు, పిల్లకు జ్వరం తగ్గిందో లేదో. కూతురు సంతోషంగా ఉందా అని ఒక్క కార్డులోనూ అడగలేదాయన. అభిమానం తక్కువై కాదు. ఒంట్లో బాగుండి, గాదెలో గింజలుంటే మిగతాది రాసిపెట్టినట్టు జరుగుతుందని ఆయన లెక్క.

ఇంగ్లీషువాళ్లూ మొదట్లో ఇంతే. ‘హ్యాపీ’లో ఉన్న ‘హ్యాప్’కి పాత అర్థం అదృష్టం. జర్మన్లకైతే ఇవాళ్టికీ ‘గ్లూక్’ అంటే అదృష్టమూ అదే, ఆనందమూ అదే. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథలో లిడియా రాజు క్రీసస్ తన ఖజానా అంతా తిప్పి చూపించి, లోకంలో అందరికన్నా ధన్యుడెవరని ఏథెన్సు జ్ఞాని సోలన్‌ని అడుగుతాడు. మీరే ప్రభూ అంటాడనుకున్నాడు పాపం. సోలన్ చెప్పింది టెల్లస్ అనే ఏథెన్సు పౌరుడి పేరు. మంచి బిడ్డలు, కళ్లెదుట మనవలు, యుద్ధంలో గౌరవమైన చావు. మనిషి పోయేదాకా అతన్ని ధన్యుడనకూడదట!

1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆనందాన్ని వెతుక్కోవడం మనిషి హక్కు అంది. హక్కు వెతుకులాటకే, దొరకడానికి పూచీ లేదు. ఈ తిరకాసు నాకు భలే నచ్చుతుంది. అప్పట్నుంచి, దొరక్కపోతే జాతకాన్ని తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఇప్పుడు దానికి మార్కులొకటి. ప్రపంచ ఆనంద నివేదిక కోసం ఓ నిచ్చెన ఊహించుకోమంటారు, సున్నా నుంచి పది దాకా. మీరే మెట్టు మీదున్నారని అడుగుతారు. 2018లో మొదటి స్థానానికెక్కిన ఫిన్లాండ్ ఏళ్లు గడిచినా దిగలేదు. మనం నవ్వడానికి లేదు, తైత్తిరీయోపనిషత్తు ఈ లెక్క ఎప్పుడో వేసింది. భూమండలమంతటి సంపదా ఉన్న దృఢకాయుడు, చదువుకున్న యువకుడు పొందే ఆనందం ఒక కొలత. అక్కణ్ణుంచి గంధర్వులు, పితృదేవతలు, ఇంద్రుడు, బ్రహ్మ దాకా మెట్టుమెట్టుకీ నూరు రెట్లు. ఒక మెలిక కూడా పెట్టింది: కోరికలు సోకని వేదవేత్తకు ఆ పైమెట్ల ఆనందాలన్నీ ఉన్నచోటే అందుతాయట. సర్వే కాగితంలో ఆ గడి లేదు.

మొన్న అమెరికా నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్‌లో, “హ్యాపీయేనా అమ్మమ్మా?” అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించింది.

“ఆఁ, బీపీ మాత్ర వేసుకున్నాను. నిన్న మంచి వాన పడింది. నువ్వు తిన్నావా?”