వెడల్పాటి కన్ను

పెళ్ళి సంబంధం చూడటానికీ, కెమెరాకి లెన్సు చూడటానికీ పెద్ద తేడా లేదు. రెండింట్లోనూ సలహా చెప్పేవాళ్ళు ముందు హోదా అడుగుతారు, తరవాత ధర అడుగుతారు. పొంతన కుదురుతుందా, ఇంతకీ మనింటికి ఏం కావాలి అన్నది మాత్రం ఎవరూ అడగరు. చవకలో ఒక వైడ్ యాంగిల్ లెన్సు కొనుక్కుందామని నేను బయల్దేరాక ఈ సంగతి బాగా బోధపడింది. బొమ్మలు తియ్యడం మొదలుపెట్టి ఇంకా ఏడాది నిండలేదు. చేతిలో ఉన్నది పాత కానన్ కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సూ.

నాకు కావలసింది ఒకటే. కోనసీమలో మా తాతగారి నాటి మండువా ఇల్లుంది. వచ్చే వేసవిలో దాన్ని విప్పేస్తున్నారు. వద్దనే ధైర్యం నాకూ లేదు. పెంకులు సర్దేవాళ్ళు దొరకరు, దూలాలకి చెద పట్టింది, అందులో కాపురముండే వాళ్ళెవరూ లేరు. పోయేలోగా, నాలుగు పక్కలా వాలిన చూరూ, నడిమధ్య పడే వెలుగూ, స్తంభాలూ అన్నీ ఒకే బొమ్మలో దాచుకోవాలని ఆశ. 18 దగ్గర పెట్టి, గోడకి వీపు ఆనేదాకా వెనక్కి జరిగినా, రెండు స్తంభాలు లోపలికొస్తే రెండు బయటే ఉండిపోతున్నాయి. గోడ వెనక్కి జరగదు గదా!

కాగితం తీసి లెక్క కడితే విషయం తేలింది. పది అడుగుల దూరంలో నిలబడితే నా కెమెరా, 18 మిల్లీమీటర్ల దగ్గర సుమారు 12 అడుగుల గోడ చూస్తుంది. అదే 10 మిల్లీమీటర్లయితే 22 అడుగులు. ఎనిమిది మిల్లీమీటర్లకి పది అడుగుల గోడ! దూరపు లెన్సుల్లో ఎనిమిది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఎవరికీ పట్టదు. ఈ చివర మాత్రం ఒక్కొక్క మిల్లీమీటరూ బంగారమే.

మా బావగారు వింటేనా? "ఎఫ్ 2.8 లేనిది లెన్సే కాదోయ్!" అన్నారు. నిజమే, 2.8 లెన్సు 4.5 లెన్సు కంటే రెండున్నర రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. రాత్రిపూట చుక్కల్ని తీసేవాళ్ళకీ, చీకటి హాల్లో నాట్యం తీసేవాళ్ళకీ అది అవసరమే. నేను తియ్యబోయేవి స్తంభాలు. నూరేళ్ళుగా కదలకుండా నిలబడ్డవి నాకోసం ఇంకో సెకను నిలబడలేవా? కెమెరాని స్టాండు మీద పెట్టి, ఎఫ్ 8 చేసి, తీరిగ్గా తీసుకోవచ్చు. ఆ డబ్బుతో స్టాండే కొనుక్కోవచ్చు.

పక్కింటాయన 24 మిల్లీమీటర్ల బుల్లి లెన్సు చూపించి "ఇది వైడే కదండీ" అన్నారు. పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి వైడే. నాలాంటివాళ్ళ చిన్న సెన్సరు మీద అంకెని 1.6తో గుణించుకోవాలి. అంటే 38 అయి కూర్చుంటుంది. వైడ్ కోసం వెళ్ళి మామూలు లెన్సుతో ఇంటికొచ్చినట్టు.

ఇక జాతకాలు. ఏ కంపెనీ లెన్సు ఆ కంపెనీ బిగింపుకే పడుతుంది. అక్కడితో అయిపోలేదు. నికాన్‌లో ఏఎఫ్-పీ అని రాసున్న 10-20 లెన్సు చక్కనిదీ, తేలికైనదీ. కాని కొన్ని పాత నికాన్ బాడీల మీద బిగుసుకుంటుందే తప్ప ఫోకస్ కాదు. మూడుముళ్ళూ పడ్డాక మాట్లాడుకోవడం మానేసిన దంపతుల్లాగ! డబ్బు చేతిలోంచి జారేముందు మన బాడీ మీద పెట్టి చూడటం ఉత్తమం.

"ఫోన్లో 0.5 ఉంది కదా మావయ్యా, ఎందుకీ ఖర్చు?" అన్నాడు మేనల్లుడు. వాడి మాట కొట్టిపారెయ్యకండి. పట్టపగలు ఆరుబయట ఫోను బొమ్మ బాగానే ఉంటుంది. వసారా నీడలోకొచ్చేసరికే ఇసక చల్లినట్టవుతుంది. కనక ముందు ఓ నెల ఫోనుతో తీసి చూడండి. ఆ వెడల్పు మీకు మాటిమాటికీ కావలసొస్తేనే లెన్సు జోలికి వెళ్ళండి.

చివరికి నేను తీసుకున్నది కానన్ 10-18. 2014లో వచ్చింది. బరువు 240 గ్రాములు, అంటే పావుకిలో లేదు. కోఠిలో ఒక కొట్లో, వాడినదాన్నే కొన్నాను. మొదట చూపించినదాంట్లోకి వెనకనుంచి టార్చి వేస్తే, అద్దాల మధ్య సాలెగూడు లాంటి సన్నటి పోగులు కనిపించాయి. అది బూజు, తేమకి పడుతుంది. రెండోది శుభ్రంగా ఉంది. మా కోనసీమ గాలికి దీనికీ బూజు పట్టకుండా, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కాపురం పెట్టించాను.

వాడుతుంటే తెలిసిందేమిటంటే, వైడ్ లెన్సు ఉన్నది దూరం జరగడానికి కాదు, దగ్గరికి వెళ్ళడానికి. ఇది 22 సెంటీమీటర్ల దాకా, అంటే జానెడు దూరం దాకా దగ్గరికి రానిస్తుంది. తిరగలిని ముందు పెట్టుకుని తీస్తే, దాని వెనకాల ఇల్లంతా పరుచుకుంటుంది. తిరగలి లేకపోతే ఖాళీ నేలే మిగులుతుంది. కెమెరాని పైకెత్తితే స్తంభాలు ఒకదానిమీదొకటి వాలిపోతాయి. సమంగా పట్టుకుంటే బుద్ధిగా నిలబడతాయి.

ఇంకొకటుంది. బొమ్మ అంచుల్లో పడ్డవాళ్ళ మొహాలు పక్కకి సాగుతాయి. ఇల్లు విప్పేముందు అందరం మండువాలో నిలబడి ఒక బొమ్మ తియ్యాలని ఏర్పాటు. ఈ సంగతి తెలిసి "నన్ను మధ్యలో పెట్టండి" అని మా ఆవిడ ఇప్పుడే చెప్పేసింది. బావగారూ మధ్యలోనే ఉంటారట. సరే, అందరినీ మధ్యకే జరుపుతాను. అంచుల్లో స్తంభాలుంటాయి. కాస్త సాగినా అవేమీ అనుకోవు.