లెక్కల మాస్టారు అవుతాడా?

కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే రోజులు. ఇంట్లో అందరిదీ ఒకటే పాట: సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్. ఐఐటీ హైదరాబాద్, గువాహటి, ఢిల్లీల్లో మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ అని బీటెక్ ఉందంటే, "లెక్కల మాస్టారు అవుతాడా?" అన్నారు మా బాబాయి. (అయితే మాత్రం తప్పేముందో!)

అందులోనూ కోడింగ్ ఉంటుంది. దాంతోపాటు ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చెబుతారు. మెషీన్ లెర్నింగ్ నడిచేది వాటి మీదే. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ చేసి స్టాటిస్టిక్స్‌లోకి వెళ్లిన సి.ఆర్.రావు గారి 1945 నాటి పేపర్ ఇవాళ్టికీ క్లాసులో పాఠమే.

కాకపోతే ఇంటర్‌లో ఫార్ములాలు బట్టీ కొట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లకి ఇక్కడ కష్టం. రుజువులు రాయాలి. సీఎస్ఈ దొరకలేదు కదా అని మాత్రం చేర్పించకండి. ముందు ఆ సిలబస్ తెరిచి పిల్లాడి చేతికివ్వండి.