డాక్టరు గారి ఇల్లాలు

మన వాళ్ళ పార్టీల్లో నన్ను "మత్తు డాక్టరు గారు" అని పరిచయం చేస్తారు. మా ఆవిడను "డాక్టరు గారి భార్య" అంటారు. ఆ మాట మీద మా ఇంట్లో అప్పుడప్పుడు చిన్న చిన్న యుద్ధాలు జరుగుతుంటాయి. మొన్న మార్చిలో జరిగింది మాత్రం యుద్ధం కాదు, నాకు పాఠం.

అట్లాంటాకు సుమారు 60 మైళ్ళ దూరంలో జెఫర్సన్ అనే చిన్న ఊరుంది. మత్తు డాక్టర్లకు అది కాశీ లాంటిది. 1842 మార్చి 30న క్రాఫర్డ్ లాంగ్ అనే 26 ఏళ్ళ డాక్టరు, అక్కడ జేమ్స్ వెనబుల్ అనే యువకుడికి ఈథరు పీల్పించి, నొప్పి తెలియకుండా మెడ మీది కంతి తీశాడు. పద్దు పుస్తకంలో 2 డాలర్లని రాసుకున్నాడు. 1849 దాకా పత్రికలో ప్రకటించలేదు. ఈలోగా 1846లో బోస్టన్‌లో నలుగురి ముందూ ఈథరు ఇచ్చిన మోర్టన్‌కు పేరంతా వెళ్ళిపోయింది.

ఇదంతా పిల్లలకు ఉత్సాహంగా చెబుతూ ఆ ఊరికి కారు నడుపుతున్నాను. పక్క సీట్లోంచి ప్రశ్న వచ్చింది: "ఇంతకీ ఆయన భార్య పేరేమిటండీ?"

నీళ్ళు నమిలాను. ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను.

ఆవిడ పేరు మేరీ కేరొలైన్ స్వైన్. ఆ ఏడాదే ఆగస్టులో పెళ్ళయింది. ఆవిడ గురించి ఎక్కడ చూసినా మొదట చెప్పేది, నార్త్ కేరొలైనా గవర్నరుగా చేసిన డేవిడ్ స్వైన్ సోదరుడి కూతురని. ఎవరి తాలూకు అన్న ప్రశ్న మన ఊళ్ళలోనే కాదన్నమాట!

ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. 1845 డిసెంబరు 27న, రెండో కాన్పులో, లాంగ్ తన భార్యకు ఈథరు ఇచ్చాడు. కాన్పులో మత్తు అనగానే మేము చదువుకున్నది ఎడింబరోలో సింప్సన్ పేరు. అది 1847 జనవరి. అంతకు ఏడాది ముందే ఒక ఇల్లాలు, ఏ పుస్తకమూ భరోసా ఇవ్వని రోజుల్లో, కడుపులో బిడ్డతో ఆ ఈథరు పీల్చింది. రోజూ కాన్పుల గదిలో నేను చేసే పనికి ఆవిడ పెద్దదిక్కు.

ఆయన పేరు నిలబెట్టిందీ ఆడవాళ్ళే. జీవితచరిత్ర రాసింది కూతురు ఫ్రాన్సెస్ లాంగ్ టేలర్, 1928లో. మార్చి 30ని డాక్టర్ల దినంగా 1933లో జార్జియాలోని వైండర్‌లో మొదలుపెట్టింది యుడోరా బ్రౌన్ ఆల్మండ్. ఆవిడా డాక్టరు గారి భార్యే.

లాంగ్ వ్యాసంలో మరో సంగతుంది. 1842 జూలైలో ఈథరు ఇచ్చి ఒక బానిస కుర్రవాడి కాలివేలు తీశాడు. అందులో కుర్రవాడి యజమానురాలి పేరుంది. కుర్రవాడి పేరు లేదు. కేరొలైన్‌కు కనీసం పేరు మిగిలింది.

ఆ రాత్రి తెనాలికి ఫోను చేశాను. మా తాతయ్యగారు ఎల్.ఎం.పి. డాక్టరు. ఆయన గురించి వంద కథలు తెలుసు నాకు. నాయనమ్మ గురించి ఒక్కటే తెలుసు. నాలుగో కాన్పులో, డాక్టరు గారి ఇంట్లోనే, పోయింది.

"అమ్మా, నాయనమ్మ పేరేమిటే?"

"నేను కాపరానికి వచ్చేసరికే అత్తయ్యగారు లేరు కదరా. అందరూ డాక్టరమ్మగారనే అనేవాళ్ళు. ఉండు, సారెలో ఇచ్చిన ఇత్తడి గంగాళం మీద చెక్కించి ఉండాలి."

అటకెక్కించిన గంగాళం దింపించి, చింతపండుతో తోమి, మర్నాడు అమ్మే ఫోను చేసింది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. మా అమ్మాయి ఆ పేరు తన నోటుబుక్కులో రాసుకుంది. ముందు తాతయ్యగారి పేరు రాయబోయి, నన్ను చూసి ఆగి, నాయనమ్మ పేరే ముందు రాసింది.